కొలతల కథ – 7: నాలుగు రోడ్లు, నాలుగు పాదాలు

కిందటి వారం గుంటర్ గొలుసు దగ్గర ఆగాం. 66 అడుగుల పొడవు, 100 లంకెలు, పది చదరపు గొలుసులైతే ఎకరం. గొలుసు ఎంతుందో తేలింది గానీ, దాన్ని ఎక్కణ్ణుంచి పరవాలన్నది తేలలేదు. ఈ వారం కథంతా ఆ ‘ఎక్కణ్ణుంచి’ గురించే. పొలం గట్టు తగాదాల్లో చాలా వాటికి మూలం ఎంత కొలిచారన్నది కాదు, ఎక్కణ్ణుంచి కొలిచారన్నది.

హనుమాన్ జంక్షన్ తెలియని బస్సు ప్రయాణికుడు కోస్తాలో ఉండడు. చెన్నై–కోల్‌కతా జాతీయ రహదారిని నూజివీడు–గుడివాడ రోడ్డు అడ్డంగా కోసేది ఇక్కడే. ఈ రహదారిని మొన్నమొన్నటి దాకా ఐదో నంబరు అనేవాళ్లం, ఇప్పుడు 16 అంటున్నాం. కూడలిలో ఆంజనేయస్వామి గుడి, ఆ గుడి పేరే ఊరికి. వేసవి వచ్చిందంటే నూజివీడు వైపు నుంచి దిగే లారీల్లో రసాలు, బంగినపల్లి కాయల వాసన రోడ్డుకు ముందే తెలుస్తుంది. ఈ కూడలిని మూలబిందువు అనుకుందాం. తొమ్మిదో తరగతి లెక్కల పుస్తకంలో ‘నిరూపక జ్యామితి’ పాఠం గుర్తున్నవాళ్లకు మిగతాది చెప్పక్కర్లేదు. గుర్తు లేనివాళ్ల కోసం నేల మీదే గీద్దాం.

గుడి మీదుగా తూర్పు పడమరలుగా ఒక గీత, ఉత్తర దక్షిణాలుగా ఒక గీత. మొదటిది ఎక్స్ అక్షం, రెండోది వై అక్షం. ఈ రెండూ నేలను చేసే నాలుగు ముక్కలనే పాదాలు అంటారు. తూర్పుకి, ఉత్తరానికి పోతే ధనం, పడమటికి, దక్షిణానికి పోతే ఋణం. కిలోమీటరుకు అటూ ఇటూగా లెక్క వేస్తే ఏలూరు (14, 8) దగ్గర పడుతుంది. నూజివీడు (−13, 17). విజయవాడ (−36, −14). గుడివాడ (2, −23). నాలుగు రోడ్ల చివర ఉన్న నాలుగు ఊళ్లూ నాలుగు పాదాల్లో తలా ఒకదాంట్లో కూర్చున్నాయి. ఇంత చక్కగా కుదరడం అరుదు. మాస్టార్లకు బోర్డు మీద బొమ్మ గీసే పని తప్పించే ఊరు ఇది.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్పాలి. రోడ్లే అక్షాలు కావు. నూజివీడు రోడ్డు ఉత్తరానికి పోతుందని అందరూ అంటారు గానీ, అది వాయవ్యంగా వంగి పోతుంది. హైవే కూడా తిన్నగా తూర్పుకి పోదు, ఏలూరు వైపు కాస్త పైకి లేస్తుంది. రోడ్డును నమ్ముకుంటే నూజివీడు అక్షం మీద ఉందనిపిస్తుంది. అక్షాన్ని నమ్ముకుంటేనే అది పడమటికి 13 కిలోమీటర్లు జరిగి ఉందని తెలుస్తుంది. 13ను 13తో, 17ను 17తో గుణించి కూడితే 458, దాని వర్గమూలం 21 పైచిలుకు. కాకి ఎగిరే దారిలో నూజివీడు 21 కిలోమీటర్లన్నమాట.

పేరును నమ్ముకున్నవాళ్ల గతి ఇంకా విచిత్రం. రైల్వే టైంటేబుల్లో ‘నూజివీడు’ అన్న స్టేషన్ చూసి టికెట్ కొన్నవాడు దిగేది హనుమాన్ జంక్షన్‌లోనే. స్టేషన్ బోర్డు మీద పేరు ఇరవై కిలోమీటర్ల అవతలి ఊరిది, నిరూపకాలు మాత్రం దాదాపు (0, 0).

పాదాలను మన వాళ్లు వేరే పేర్లతో ఏనాడో ఎరుగుదురు. మొదటి పాదం ఈశాన్యం, రెండోది వాయవ్యం, మూడోది నైరుతి, నాలుగోది ఆగ్నేయం. వాస్తు చెప్పే ఏ మేస్త్రీ అయినా పుస్తకం చూడకుండా చెబుతాడు. జంక్షన్‌కు ఈశాన్యంగా పాతిక కిలోమీటర్ల లోపే పెదవేగి ఉంది, అంటే తూర్పు చాళుక్యుల వేంగి. ఆ రాజులు బ్రాహ్మణులకు ఊళ్లు దానమిచ్చిన రాగి శాసనాల్లో సరిహద్దులు దిక్కుల వారీగా రాస్తారు: తూర్పున ఫలానా చెరువు, ఆగ్నేయాన ఫలానా చెట్టు, దక్షిణాన ఫలానా పుట్ట. తొమ్మిదో శతాబ్దంలో మహావీరాచార్యుడు రాసిన గణితసారసంగ్రహాన్ని పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. అందులో క్షేత్రాల కొలతలకూ లెక్కలున్నాయి. దిక్కు ఉంది, వైశాల్యం ఉంది, ఋణసంఖ్యలతో లెక్క చేసే సూత్రాలను 628లోనే బ్రహ్మగుప్తుడు రాసిపెట్టాడు. ఈ మూడింటినీ కలిపి ఒక బిందువుకు రెండు అంకెల చిరునామా ఇవ్వడం మాత్రం ఇక్కడ జరగలేదు. పుట్ట కరిగిపోయినా, చెట్టు కూలిపోయినా శాసనం గుడ్డిదైపోతుంది. అంకెలకు ఆ భయం లేదు.

ఆ పని ఐరోపాలో జరిగింది. 1637లో రెనె డెకార్ట్ తన తత్త్వగ్రంథానికి అనుబంధంగా ‘జ్యామితి’ అచ్చువేయించాడు. అదే కాలంలో పియర్ ద ఫెర్మా కూడా ఇదే దారిన నడిచాడు గానీ, ఆయన రాసింది 1679 దాకా అచ్చు కాలేదు. అందుకే తలానికి డెకార్ట్ పేరు దక్కింది. మంచం మీద పడుకుని పైకప్పు మీద ఈగను చూస్తూ డెకార్ట్ ఇది కనిపెట్టాడని పిల్లలకు చెబుతారు. ముచ్చటైన కథే, ఆధారం లేదు.

అసలు తమాషా ఇంకోటి. డెకార్ట్ పుస్తకంలో మనం గీసే శిలువ లాంటి అక్షాలే లేవు. ఒక గీత ఉంటుంది, దాని మీది నుంచి లేచే దూరాలుంటాయి, అవి లంబంగా ఉండాలన్న పట్టుదల కూడా లేదు. ఋణదూరాలంటే ఆయనకు పొసగదు. అంటే డెకార్ట్ తలంలో నూజివీడుకీ విజయవాడకీ గుడివాడకీ చోటు లేదు, ఏలూరుకు మాత్రమే ఉంది. నాలుగు పాదాల్లోనూ వక్రరేఖలను నిర్భయంగా గీసినవాడు న్యూటన్. 1704లో ‘ఆప్టిక్స్’ గ్రంథం వెనక చేర్చిన ఘనవక్రాల వ్యాసంలో ఆ బొమ్మలున్నాయి. డెకార్ట్ తలానికి నాలుగు పాదాలూ పూర్తిగా రావడానికి డెబ్బై ఏళ్లు పట్టిందన్నమాట.

పాదాలను లెక్కపెట్టే వరుస కూడా మనకు కొంచెం అడ్డంగా ఉంటుంది. ఈశాన్యం నుంచి వాయవ్యం, అక్కణ్ణుంచి నైరుతి, ఆగ్నేయం. గుడి చుట్టూ ఆ వరుసలో తిరిగితే పూజారి ఊరుకోడు, అది అప్రదక్షిణం. సర్వేయర్ల దిక్సూచి ఉత్తరం నుంచి తూర్పుకి, ప్రదక్షిణంగానే లెక్కపెడుతుంది. లెక్కల తరగతిలో ఒకలా, సర్వే శిక్షణలో ఇంకొకలా నేర్చుకుని తికమకపడ్డ డిప్లొమా కుర్రాళ్లను అడగండి, ఎంత మంది ఉంటారో.

తెలుగు నేల మీదికి ఈ లెక్క ఈస్టిండియా కంపెనీ వాళ్లతో వచ్చింది. మైకేల్ టాపింగ్ అనే ఖగోళజ్ఞుడు తీరం కొలుస్తూ వచ్చాడు. కృష్ణా గోదావరి నీళ్లను పొలాలకు మళ్లించవచ్చని కాటన్‌కు అర్ధశతాబ్దం ముందే వాదించినవాడు ఈయన. 1792లో మద్రాసులో అబ్జర్వేటరీ కట్టించాడు, 1794లో సర్వే బడి పెట్టించాడు, 1796లో మచిలీపట్నంలో కన్నుమూశాడు. ఆ అబ్జర్వేటరీలో నిలబెట్టిన రాతి స్తంభమే దేశం రేఖాంశాలకు ఆధారమైంది. దాని మీద తెలుగులో కూడా రాత చెక్కారు. 1802 ఏప్రిల్ 10న విలియం లాంబ్టన్ సెయింట్ థామస్ మౌంట్ దగ్గర తొలి ఆధారరేఖ కొలవడం మొదలుపెట్టాడు. అక్కణ్ణుంచి త్రిభుజాల మీద త్రిభుజాలు పేరుస్తూ పటం పైకి పాకింది. 1819లో ఆ పని మీదే కృష్ణా గోదావరుల మధ్య అడవుల్లోకి వచ్చిన కుర్ర అధికారి జ్వరంతో కుప్పకూలి, కోలుకోవడానికి దక్షిణాఫ్రికా కొస దాకా పోవాల్సి వచ్చింది. ఆయన పేరు జార్జ్ ఎవరెస్ట్.

ఇంత శ్రమపడి కట్టిన పటానికీ ఒక జబ్బు ఉండేది. గ్రీనిచ్ నుంచి మద్రాసు ఎంత తూర్పున ఉందన్న విలువలోనే పొరపాటు దొర్లింది. అందుకే పాత పటాల రేఖాంశాల్లోంచి 2 నిమిషాల 27 సెకన్లు తీసేసి చదువుకోవాల్సి వచ్చింది. కాగితం మీద వెంట్రుకవాసి. మన అక్షాంశం దగ్గర నేల మీద కొలిస్తే నాలుగు కిలోమీటర్ల పైమాట. ఆ పటం ప్రకారం పోతే ఈ కూడలి ఉన్న చోటు తూర్పుకి జరిగి దాదాపు 81 డిగ్రీల రేఖ మీదికి ఎక్కుతుంది. పటంలో ఊళ్ల మధ్య దూరాలన్నీ సరిగ్గానే ఉన్నాయి, త్రిభుజాలన్నీ కుదిరాయి. తప్పిందల్లా మొదలు ఒక్కటే, దాంతో పటం మొత్తం జరిగింది.

త్రిభుజాల పని ఊళ్ల స్థాయిది. రైతుకు కావలసింది గట్టు స్థాయిది. ఆ పని రెవెన్యూ సర్వే చేసింది. నూజివీడు వైపు అది ఆలస్యంగా వచ్చింది, కారణం జమీందారీ. జమీందారు పేష్కష్, అంటే కప్పం, కట్టేవాడు, లోపల ఏ రైతు గట్టు ఎక్కడుందో సర్కారుకు అంత అక్కర ఉండేది కాదు. 1948 నాటి మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టం జమీందారీలను తీసేసి, ఆ గ్రామాలకు సర్వే, సెటిల్‌మెంటు తప్పనిసరి చేసింది. అప్పుడు వచ్చిన గొలుసుల పని ఫలితమే తాసీల్దారు కార్యాలయంలో అడిగితే నకలు ఇచ్చే ఎఫ్‌ఎంబీ, అంటే క్షేత్ర కొలతల పుస్తకం.

ఎఫ్‌ఎంబీ కాగితం ఒకటి చేతిలో పెట్టుకుని చూద్దాం. ఒక్కో సర్వే నంబరుకు ఒక్కో బొమ్మ. పొలం కొసన ఒక రాయి, ఎదుటి కొసన ఇంకో రాయి, రెంటినీ కలుపుతూ పొలం మధ్యగా ఒక తిన్నని గీత. సర్వేయర్లు దాన్ని జీ లైన్ అంటారు. గొలుసు దాని వెంట పరుస్తారు. గట్టు వంపు తిరిగిన చోటికి సరిగ్గా ఎదురుగా వచ్చినప్పుడు ఆగి, క్రాస్‌స్టాఫ్ పాతుతారు. అదొక కర్ర, దాని తల మీద చెక్క దిమ్మ, దిమ్మలో ఒకదానికొకటి లంబంగా కోసిన రెండు గాళ్లు. ఒక గాడిలోంచి చూస్తే జీ లైన్, ఇంకో గాడిలోంచి చూస్తే గట్టు మీది జెండా. అక్కణ్ణుంచి గట్టుకు ఎన్ని లంకెలో కొలిచి రాస్తారు. దాన్నే ఆఫ్‌సెట్ అంటారు.

జీ లైన్ వెంట దూరం ఎక్స్, ఆఫ్‌సెట్ వై, మొదటి రాయి మూలబిందువు. అప్పటి సర్వేయర్లలో డెకార్ట్ పేరు విన్నవాళ్లు ఎందరున్నారో గానీ, రోజుకు పదుల కొద్దీ బిందువులు డెకార్ట్ పద్ధతిలోనే రాశారు. ప్లస్సు మైనస్సులు మాత్రం రాయలేదు. దానికి బదులు ఎడమ ఆఫ్‌సెట్ గీతకు ఎడమ పక్కన, కుడి ఆఫ్‌సెట్ కుడి పక్కన. గుర్తు చేసే పనంతా పక్క చేసింది.

ఆ పక్క తప్పితే ఏమవుతుందో చిన్న లెక్కలో చూడండి. జీ లైన్ 500 లంకెలు. 200 లంకెల దగ్గర ఎడమకు ఆఫ్‌సెట్ 200. 350 లంకెల దగ్గర కుడికి ఆఫ్‌సెట్ 100. అంటే పొలం మూలలు (0, 0), (200, 200), (500, 0), (350, −100). గీతకు అటూ ఇటూ రెండు త్రిభుజాలు. 500ను 200, 100ల మొత్తంతో గుణించి సగం చేస్తే 75,000 చదరపు లంకెలు. వెయ్యి చదరపు లంకెలు సెంటు, కాబట్టి పొలం 75 సెంట్లు. ఇప్పుడు నకలు రాసే గుమాస్తా ఆ రెండో ఆఫ్‌సెట్‌ను పొరపాటున ఎడమ పక్కన వేశాడనుకోండి. (350, −100) కాస్తా (350, 100) అయింది. నాలుగో పాదంలోని మూల మొదటి పాదంలోకి దూకింది. వైశాల్యం 50 సెంట్లకు పడిపోయింది. పైగా ఈ కొత్త బిందువు (200, 200) నుంచి (500, 0)కు గీసిన గీత మీదే సరిగ్గా పడుతుంది. బొమ్మలో వంకరేమీ కనపడదు, చూసినవాళ్లకు తిన్నని గట్టులాగే ఉంటుంది. పాతిక సెంట్లు పక్కవాడి సర్వే నంబరులోకి పోయాయని తెలిసేది, ఆ పక్కవాడు కంచె వేసే రోజునే. మామిడి తోటలో మొక్కలు పది మీటర్లకొకటి చొప్పున చతురస్రంగా వేస్తే ఎకరానికి నలభై. పాతిక సెంట్లంటే కాపుకొచ్చిన పది చెట్లు.

తోటల్లో ఈ భాష ఎలాగూ ఉంది. ‘ఏడో వరస, నాలుగో చెట్టు’ అని కాపలాదారుకు చెబితే చాలు, నేరుగా ఆ చెట్టు కిందికి పోయి నిలబడతాడు. అయితే ‘ఏ గట్టు నుంచి ఏడో వరస?’ అని ముందు అడుగుతాడు. మూలబిందువు అడగకుండా నడిచే కాపలాదారు తోటలో ఎక్కువ రోజులు నిలవడు.

ఇక ఈ కాలానికి వద్దాం. జీ లైన్‌కు ఒక లోటుంది. ప్రతి సర్వే నంబరుకూ దాని మూలబిందువు దానిదే. రాయి పీకేసిన రోజున ఆ పొలం కొలతలన్నీ గాల్లో తేలతాయి. రాళ్లు పీకడం మన దగ్గర కొత్తా కాదు, వింతా కాదు. 1923 నాటి సర్వే, సరిహద్దుల చట్టం హద్దు రాళ్ల కాపలా బాధ్యత భూమి గలవాళ్ల మీదే పెట్టింది గానీ, ఆ కాపలా ఎలా సాగిందో పల్లెల్లో అందరికీ తెలుసు. దీనికి విరుగుడు, పొలాలన్నిటికీ ఒకే మూలబిందువు. ఉపగ్రహాలు వచ్చాక అది సాధ్యమైంది.

ప్రపంచాన్ని ఆరేసి డిగ్రీల పట్టీలుగా 60 ముక్కలు చేసి, ఒక్కో ముక్కను చదునుగా పరిచే పద్ధతి ఒకటుంది, యూటీఎం అంటారు. 78 నుంచి 84 డిగ్రీల దాకా ఉన్నది 44వ పట్టీ, మన కోస్తాలో ఎక్కువ భాగం అందులోదే. దాని నడిరేఖ 81 డిగ్రీలు. ఆ రేఖే వై అక్షం, భూమధ్యరేఖ ఎక్స్ అక్షం. హనుమాన్ జంక్షన్ ఆ వై అక్షానికి పడమటి పక్కన మూడు కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఉంది. అంటే జంక్షన్‌లో ఏలూరు బస్సెక్కి పది నిమిషాలు పోతే రెండో పాదంలోంచి మొదటి పాదంలోకి దాటతారు. బోర్డూ ఉండదు, టోలూ ఉండదు.

అలాగైతే జంక్షన్ ఎక్స్ నిరూపకం ఋణసంఖ్య కావాలి కదా? విజయవాడది మైనస్ 39 వేల మీటర్ల చిల్లర కావాలి. కాదు. పటం తయారుచేసేవాళ్లు నడిరేఖకు సున్నా ఇవ్వలేదు, 5,00,000 మీటర్లు ఇచ్చారు. అందువల్ల జంక్షన్ సుమారు 4,97,000 అవుతుంది, విజయవాడ 4,60,000 దాటుతుంది, ఏలూరు 5,10,000 దాటుతుంది. ఉత్తరపు లెక్క జంక్షన్‌కు 18,40,000 దగ్గర. భూమధ్యరేఖకు దిగువనున్న దేశాలకైతే కోటి మీటర్లు కలిపి మరీ మైనస్ గుర్తు పోగొట్టారు. న్యూటన్ తెచ్చిన నాలుగు పాదాలను సర్వే వాళ్లు మళ్లీ ఒక్క పాదంలోకి కుదించారు. నా దృష్టిలో ఇది పిరికితనం కాదు, గుమాస్తాను ఎరిగిన తెలివి. కాగితం మీద జారిపోవడానికి మైనస్ గుర్తును మించినది లేదు. పైన చూసిన పాతిక సెంట్ల లెక్క అలాంటిదే.

2020 డిసెంబరు 21న జగ్గయ్యపేట మండలం తక్కెళ్లపాడులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మొదలుపెట్టిన రీసర్వే ఈ లెక్క మీదే నడుస్తోంది. డ్రోన్లు, భూమి మీద నిలకడగా పాతిన ఉపగ్రహ స్టేషన్లు, సర్వేయరు చేతిలో రోవర్ అనే పరికరం. ఎఫ్‌ఎంబీ స్థానంలో ఎల్‌పీఎం అనే భూఖండ పటం వచ్చింది. కొత్త హద్దు రాళ్ల మీద ఎవరి పేరు ఉండాలన్న గొడవ రాళ్లకంటే ఎక్కువ కాలం సాగింది. రైతులకు తగిలిన అసలు ఇబ్బంది వేరు. ఒకే పటంలో ఇద్దరు ముగ్గురు యజమానులను కలిపేయడం, పాత విస్తీర్ణానికీ కొత్త విస్తీర్ణానికీ సెంట్లలో తేడా రావడం. పరికరం సెంటీమీటర్ల లెక్కన బిందువు చెబుతుంది. కానీ ఆ బిందువు మీదే గట్టు ఉందని చెప్పాల్సింది పొలంలో నిలబడ్డ ఇరుగుపొరుగు రైతులు. వాళ్లు రాని రోజున కొలిచిన పొలానికి ఎంత మంచి నిరూపకాలున్నా అవి తప్పు గట్టుకు సరైన అంకెలు.

ఒక పని చేయండి. ఈసారి తోటకు పోయినప్పుడు నాలుగు మూలల్లోనూ నిలబడి, ఫోన్ పటం మీద వేలు నొక్కి పట్టి, అక్కడ కనిపించే రెండు అంకెలు రాసుకోండి. ఒక్క జాగ్రత్త: ఫోను బడి వరస పాటించదు. ముందు అక్షాంశం, అంటే వై, తర్వాత రేఖాంశం, అంటే ఎక్స్. జంక్షన్‌లో అయితే 16.64, 80.97 అని చూపిస్తుంది. బడిలో నేర్చినట్టు (ఎక్స్, వై) అనుకుని తిరగేస్తే మీ తోట ఉత్తర ధ్రువం దగ్గర మంచులో తేలుతుంది. దశాంశం తర్వాత ఐదో అంకె ఒకటి మారితే నేల మీద సుమారు మీటరు. ఫోను అంతకంటే ఎక్కువే తప్పుతుంది కాబట్టి గట్టు తగాదాకు ఆ అంకెలు సాక్ష్యం కావు. కానీ ఎల్‌పీఎం చేతికొచ్చినప్పుడు మీ మూల ఏ గట్టు వైపు పడిందో పోల్చి చూసుకోవడానికి చాలు. తేడా కనిపిస్తే పాత ఎఫ్‌ఎంబీ నకలు దగ్గర పెట్టుకుని, రీసర్వే నోటీసులో ఇచ్చిన గడువు దాటకముందే అర్జీ పెట్టండి.

వచ్చే వారం: గొలుసు పోయి మీటరు వచ్చిన కథ. 1956 నాటి తూనికలు కొలతల చట్టం తర్వాత కూడా మన ఊళ్లలో ఎకరం, సెంటు ఎందుకు చావలేదో చూద్దాం.